మూతి బయటికి తిరిగిన బస్తాలు

సి.ఐ. కరుణాకర్‌కి నేనంటే గిట్టదు. నాకు అతనంటే ఇంకాస్త ఎక్కువే గిట్టదు. ఇద్దరం ఒకే బ్యాచ్‌లో ఎస్సైలుగా చేరాం. నేను యూనిఫాం విప్పేసి గుంటూరులో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచాను. అతను ఓపిగ్గా ఉండి సి.ఐ. అయ్యాడు. ఆ ఉదయం చిలకలూరిపేట హైవే పక్కన రమణమ్మ గారి కారం మిల్లు గేటు దగ్గర నన్ను చూడగానే అతని మొహం ఆముదం తాగినట్టయింది.

"మీకిక్కడ పనేం లేదు కోటేశ్వరి గారూ. చేసినవాడు దొరికాడు. సాయంత్రం కోర్టులో పెడుతున్నాం" అన్నాడు.

దొరికినవాడి పేరు ఇమాం హుస్సేన్. మిల్లులో కోల్డ్ స్టోరేజీ గది తలుపులు తీసి వేసే ఆపరేటరు. నిన్న పొద్దున ఆ గదిలో, కారం బస్తాల వరస వెనక, క్వాలిటీ ఇన్‌చార్జి హయాత్ తల పగిలి, ఒళ్లంతా చల్లబడి కనిపించాడు. ఊపిరి మాత్రం ఆడుతోంది. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. ఇంకా తెలివి రాలేదు. అంతకు ముందురోజు బయట తిరిగిన చెప్పులతో గదిలోకి వచ్చాడని హయాత్ అందరి ముందూ ఇమాం హుస్సేన్‌ని వెనక్కి పంపాడు. ఇద్దరూ కాసేపు అరుచుకున్నారు. గది తాళం ఇమాం హుస్సేన్ దగ్గరుంటుంది, ఇంకోటి ఆఫీసులో ఉంటుంది. తలుపు మీద అతని వేలిముద్రలున్నాయి. కరుణాకర్‌కి అంతకన్నా ఏం కావాలి?

నన్ను పెట్టుకున్నది ఇమాం హుస్సేన్ భార్య ఖాజాబీ. ఆమె ఏడవలేదు, కాళ్లు పట్టుకోలేదు. ఒకసారి జైలు గేటు దాటితే ఆ తర్వాత తప్పు లేదని తేలినా ఏ మిల్లువాడూ మా ఆయన్ని తలుపు దగ్గర నిలబెట్టడు మేడం, అంది. అది నిజం. ఈ చుట్టుపక్కల మిల్లుల్లో మనిషికి పని దొరికేది నమ్మకం మీదే. ఆ నమ్మకం సాయంత్రం కోర్టు మెట్లెక్కేలోపు నేను తిరిగి తేవాలి.

అదృష్టం ఏమిటంటే మిల్లు యజమానురాలు రమణమ్మ గారు నన్ను లోపలికి రానిచ్చారు. భర్త పోయాక మిల్లు ఆవిడే నడుపుతోంది. గల్ఫ్ దేశాలకు కారం పంపాలంటే హలాల్ సర్టిఫికెట్ అడుగుతున్నారని, దాని కోసం హయాత్‌ని తెచ్చుకుంది. సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థవాళ్లు సోమవారం మళ్లీ తనిఖీకి వస్తున్నారు. ఆవిడ నాతో ఆ సంగతి ఎత్తనే లేదు. హయాత్ వచ్చాకే ఇది మిల్లయింది, అతను బతకాలి, అని మాత్రం అంది. తన తమ్ముడు అంకమ్మరావు నిన్నటినుంచి ఆసుపత్రిలో అతని పక్కనే కూర్చున్నాడట. ఆఫీసులో కూర్చుని సరుకు లోడింగు లెక్కలు చూసే మనిషి. నిన్న పొద్దున ఇమాం హుస్సేన్ తలుపు తీసినప్పుడు వెనకే ఉండి, హయాత్‌ని భుజానేసుకుని కారెక్కించింది కూడా అతనేనని చెప్పింది.

మొదట ప్రొడక్షన్ మేనేజరు చైతన్యకృష్ణని కూర్చోబెట్టాను. కూర్చోబెట్టానని నేనంటున్నాను గానీ, ఏసీ గదిలో పెద్ద కుర్చీలో కూర్చున్నది అతను, ప్లాస్టిక్ కుర్చీ నాది. మూలన కరుణాకర్ నిలబడి సెల్‌ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తున్నాడు.

చైతన్యకృష్ణకి హయాత్ పేరెత్తితేనే చిరాకు. బ్రష్షు మార్చాలంటాడు, లారీ కడగాలంటాడు, ఆ లారీలో ముందు ఏ సరుకు వేశారో అడుగుతాడు, యంత్రానికి పూసే గ్రీజు దేనితో చేశారో కంపెనీకి రాసి కనుక్కుంటాడు. పనిచేసే మిల్లా, పరీక్ష రాసే బడా అన్నాడు.

"హలాల్ అంటే ఒక కాగితం మేడం. గల్ఫ్‌వాడు అడుగుతాడు, మనం చూపిస్తాం. మిరపకాయకి మతమేంటి?"

"మిరపకాయకి లేదు. దాన్ని తాకేవాటి సంగతి అడుగుతున్నారు వాళ్లు" అన్నాను. "ఈమధ్య హయాత్ ఏదైనా సరుకు ఆపాడా?"

"ఆపలేదు."

"ఎప్పుడూ ఆపలేదా?"

అతను వెనక గోడమీది బోర్డు చూపించాడు. ఆగకుండా నడుస్తున్న రోజులు అని పైన రాసి, కింద పెద్ద అంకె పెట్టారు. ఆ అంకె చూసి అతను మురిసిపోతున్నాడు. నాకు మాత్రం దాన్ని చూస్తే ఒళ్లు మండింది. ఎండు మిరపకాయలు ఆడే మిల్లులో రాయి పడుతుంది, జల్లెడ చిరుగుతుంది, బెల్టు తెగుతుంది. అన్ని రోజులు ఏమీ కాలేదంటే ఏమీ కాకపోవడం కాదు, ఎవరూ నోరు విప్పకపోవడం.

అటెండరు స్టీలు గ్లాసుల్లో పొగలు కక్కే కాఫీ తెచ్చాడు. చైతన్యకృష్ణ గ్లాసును రెండు అరచేతుల మధ్యా పట్టుకుని తాగాడు. నేనతని చేతులు చూస్తూ ఉన్నాను. అప్పటికి నాకు ప్రత్యేకమైన అనుమానమేం లేదు. అబద్ధం చెప్పేవాళ్ల మొహం కన్నా చేతులు చూడటం నాకు పాత అలవాటు.

ఆడించే హాల్లోకి వెళ్లాను. ఘాటుకి ముక్కు, కళ్లు, గొంతు ఒకేసారి తిరగబడ్డాయి. ప్రతి యంత్రం పక్కనా ఒక ఇత్తడి గంట వేలాడుతోంది. హయాత్ పెట్టించినవి. ఊడ్చే మనిషైనా సరే, తేడా కనిపిస్తే గంట కొట్టొచ్చు. కొట్టగానే యంత్రం ఆపాలి. ఎందుకు కొట్టావని కోప్పడకూడదు, ఏం చూశావని అడగాలి. మొదట్లో గంటలు రోజంతా మోగి పని వెనకపడిందట. తర్వాత తర్వాత తప్పులు సర్దుకుని, వెనక్కి వచ్చే సరుకు ఆగిపోయి, మిల్లు ఇదివరకెన్నడూ లేనంత కారం ఆడిందని రమణమ్మ గారే చెప్పారు. అది చూసి చైతన్యకృష్ణకి ఆశ పుట్టింది. గంట మోగని షిఫ్టుకి బిర్యానీ అని ప్రకటించాడు. దాంతో బిర్యానీ పోతుందని ఒకరినొకరు గంట కొట్టనివ్వడం మానేశారు.

ఇప్పుడు చూస్తే గంటలన్నిటి నాలుకలకీ గోనెగుడ్డ చుట్టి ఉంది. ఎవరు చుట్టారంటే ఎవరికీ తెలియదు. జల్లెడ దగ్గరున్న గంటకి మాత్రం గుడ్డ లేదు. దాని కింద నిలబడ్డావిడ నన్ను చూసి తల దించుకుంది. ఆమె పేరు పుల్లమ్మ. నలభై దాటిన మనిషి, మిరప చేలల్లో కూలికి వెళ్లి వెళ్లి ఈ మధ్యే మిల్లులో చేరింది. చర్చికి వెళ్లే మనిషని మెడలో శిలువ చెబుతోంది.

బయట చెట్టు కిందికి తీసుకెళ్లి మంచినీళ్లిచ్చాను. ఏమీ అడగలేదు. కాసేపటికి ఆమే మొదలుపెట్టింది.

"నేనే చేశానమ్మా" అంది.

చేసిందేమిటో మెల్లగా చెప్పింది. జల్లెడలో ఉండలు కట్టిన కారాన్ని చేత్తో తీసేయడం ఆమె పని. ఇచ్చిన గ్లవ్స్ వేళ్ల చివర్ల చిరిగిపోతాయి. చిరిగాయని వెళ్తే సూపర్‌వైజరు నానా మాటలూ అంటాడు. అరచేతులు పగుళ్లు తేలి నెత్తురు కారాయి. ఇంట్లో పగుళ్లకీ, కాలిన పుండ్లకీ వాళ్లమ్మ నాటినుంచీ వాడే మందొకటుంది, కరిగించి సీసాలో పోసుకున్న పంది కొవ్వు. అది దట్టంగా పట్టించుకుని, పైన చిరిగిన గ్లవ్స్ తొడుక్కుని పనిలోకి వచ్చింది. ఆమెకి అది మందు. దానివల్ల సముద్రం అవతల ఎవరికో అన్నం సహించదన్న సంగతి ఆమె ఊహకి కూడా రాదు.

"మరి ఎలా తెలిసింది?"

"హయాత్ బాబే మొన్న మీటింగులో చెప్పాడమ్మా, ఏమేం తగలకూడదో. పంది పేరెత్తగానే నాకు చెమటలు పోశాయి. తప్పు జరిగితే చెప్పండి, చెప్పినోళ్లని ఏమీ అనను, దాచితేనే నాకు బాధ అన్నాడు. జల్లెడ కాడికొచ్చి గంట కొట్టాను. బాబు నన్ను ఒక్క మాటనలేదు. నా చేతులు చూసి, ఈ చేతులతో ఎందుకమ్మా చేస్తున్నావు అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. కొత్త గ్లవ్స్ తెప్పిస్తానన్నాడు. ఆ రోజు ఆడిన సరుకంతా ఆపేసి, ఎర్ర చీటీలు కట్టించి, కోల్డ్ స్టోరేజీలో వేరే బోనులో పెట్టించాడు."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. "చెప్పమన్నాడు, చెప్పాను. చెప్పకపోతే ఆ బాబు ఇవాళ తిరుగుతుండేవాడు కదమ్మా."

అలా అనొద్దని ఆమె భుజం పట్టుకుని గట్టిగానే చెప్పాను. కార్లలో తిరుగుతూ, ఆస్తులు కొనుక్కునే పెద్దవాళ్లు దాచేదాన్ని ఈ మనిషి దాచలేకపోయింది. ఆమె నిజం చెప్పినందుకు ఒకడి తల పగిలింది. పగలగొట్టినవాడు బయట తిరుగుతుండగా ఇంకొకడు లాకప్‌లో ఉన్నాడు.

అంటే సరుకు ఆగింది. ఆగలేదని చైతన్యకృష్ణ నా మొహం మీదే అబద్ధం చెప్పాడు. నేను కరుణాకర్‌ని వెంటపెట్టుకుని కోల్డ్ స్టోరేజీ గది దగ్గరికి నడిచాను. వెంటపెట్టుకుని అనడం కూడా తప్పే, నేనేం కొట్టేస్తానో అని అతనే వెంటపడ్డాడు.

గది తలుపు మందంగా, నా ఎత్తుకి రెట్టింపుంది. గుమ్మం పక్కన గోడమీద లోపలి చల్లదనం ఎంతో చూపించే చిన్న డబ్బా ఉంది, ఆరు డిగ్రీలు. కారం రంగు మారకుండా ఉండటానికి అంత చాలు. గుమ్మం దగ్గరే ఒక డబ్బాలో వేరుశెనగ నూనె పెట్టారు. బస్తాలు మోసే ముఠా కూలీలు లోపలికి వెళ్లేముందు చేతులకి నూనె పట్టించుకుంటారు. కుట్లలోంచి రాలే కారం చర్మాన్ని అంటకుండా అదే కాపు.

"మీ కథ ప్రకారం ఇమాం హుస్సేన్ కోపంతో హయాత్‌ని లోపల పెట్టి తలుపేశాడు, అంతేనా?" అన్నాను.

"తోసినప్పుడు తల గోడకి కొట్టుకుంది. బయటికి రాలేక పడిపోయాడు."

"అయితే నన్ను లోపల పెట్టి తలుపు వెయ్యి."

అతను ఆ పని కాస్త ఉత్సాహంగానే చేశాడు. తలుపు మూసుకోగానే చీకటి, చలి, ఘాటు కలిసి మీద పడ్డాయి. తెలిసి చేసిందే అయినా భయం వేసింది. తడుముకుంటే తలుపుకి నడుము ఎత్తున ఒక గుండ్రటి గుబ్బ తగిలింది. దాన్ని అరచేత్తో నెట్టాను. తలుపు తెరుచుకుంది, ఎదురుగా కరుణాకర్ నిలబడి ఉన్నాడు.

"బయటినుంచి తాళం వేసినా లోపలివాడు ఇలా రావచ్చు. ఇలాంటి గదులన్నిటికీ ఇది ఉంటుంది. తలుపులు తీసే ఆపరేటరుకి ఇది తెలియదా? మనిషిని ఇందులో పెట్టి మూసేస్తే చస్తాడని ఇమాం హుస్సేన్ అనుకోడు. స్పృహ లేకుండా కొట్టి, వరస వెనక్కి ఈడ్చి పడేసినవాడు వేరే ఎవడో."

"కొట్టింది కూడా అతనే కావచ్చుగా" అన్నాడు. నోటి మాట మాత్రమే అది, నమ్మకం పోయిందని గొంతు చెబుతోంది.

లైట్లు వేసి లోపలికి నడిచాం. ఇనుప వల కట్టిన బోను ఎడమ మూలన ఉంది. ఖాళీగా ఉంది. పుల్లమ్మ చెప్పిన ఎర్ర చీటీల బస్తాలు ఒక్కటీ లేవు. హయాత్ పడి ఉన్న చోటు గది మధ్యలో, ఓడకి వెళ్లాల్సిన సరుకు వరసల చివర. నేను ఆ వరసలు ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లాను. చివరి వరస దగ్గర ఆగిపోయాను.

"కరుణాకర్, మీది పిడుగురాళ్ల వైపు పల్లె కదా. మీ ఇంట్లో బస్తాలు పేరిస్తే మూతి ఎటుంటుంది?"

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో బస్తా ఎత్తిన ఎవడినైనా అడగండి, కుట్టిన మూతి లోపలికి తిప్పి, అడుగు బయటికి పెట్టి పేరుస్తాడు. కుట్టు ఊడినా సరుకు దారిలో పోకుండా, ఎలుకకీ దొంగ చేతికీ అందకుండా. ముఠాలో మొదటిరోజే మేస్త్రి మొట్టికాయ వేసి నేర్పే పని. మిగతా వరసలన్నీ అలాగే ఉన్నాయి. ఈ చివరి వరసలో మాత్రం మూతులన్నీ మనవైపు చూస్తున్నాయి. వంగి చూస్తే కుట్ల దగ్గర ఎర్ర దారం ముక్కలు. చీటీలు కత్తిరించి పారేశారు, దారం తుంపులు మిగిలిపోయాయి.

"ఆపిన సరుకు ఇదే. మంచి సరుకుతో కలిపి కంటైనరెక్కించేద్దామనుకున్నారు. కూలీలని పిలిస్తే పదిమందికి తెలుస్తుందని ఒక్కడే ట్రాలీతో తోసి పేర్చుకున్నాడు. సగంలో హయాత్ వస్తే కొట్టి పడేసి, మిగతావీ పేర్చాడు" అన్నాను. "ఇమాం హుస్సేన్ తలుపుల పనికి రాకముందు ఎనిమిదేళ్లు ముఠాలో మోసినవాడు. వాడు నిద్రలో పేర్చినా మూతి బయటికి రాదు."

"తొందరలో..." అని మొదలుపెట్టాడు.

"నీ దగ్గరే ఉన్నాడుగా. అతని వేళ్లు సిరాలో ముంచి ముద్రలు తీసుకున్నావు. ఆ చేతులెలా ఉన్నాయి?"

"ఎలా ఉండటమేంటి? మామూలుగా ఉన్నాయి."

"ఈ బస్తాలు చూడు. మూతులన్నిట్లోంచీ కారం రాలుతోంది. ఇన్ని బస్తాలు ఒట్టి చేతుల్తో ఎత్తితే చేతులేమవుతాయి? నూనె రాసుకోవాలని కూడా తట్టని ఆఫీసు మనిషి ఇది చేశాడు. మంటపుట్టగానే నీళ్లతో కడుక్కునుంటాడు. కడిగేకొద్దీ అది పాకుతుంది. ఇవాళ్టికి వాడి చేతులు ఎర్రగా వాచి ఉండాలి."

కరుణాకర్ చప్పున నా వైపు తిరిగాడు. "మేనేజరు. అబద్ధమాడాడు కదా."

"అతను కాదు. మరిగే కాఫీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని తాగాడు. ఆ మంట మీద వేడి తగిలితే ఎవడైనా గ్లాసు వదిలేస్తాడు. అతను అబద్ధమాడింది బోర్డు మీది అంకె కోసం."

కరుణాకర్ మీద నాకు మొదటిసారి కాస్త గౌరవం కలిగిన క్షణం అది. ఇక వాదించలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"కోటేశ్వరీ," అన్నాడు. గారు పోయింది, ఇద్దరం ట్రైనింగులో ఉన్నప్పటి పిలుపు అది. "నిన్న సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాను. అంకమ్మరావు చేతులకి రెండిటికీ కట్లున్నాయి. హయాత్‌ని లోపలినుంచి మోసుకొచ్చినప్పుడు చలికి చేతులు కొరుక్కుపోయాయని చెప్పాడు. పాపం మంచివాడనుకున్నాను."

"ఆరు డిగ్రీల చలికా? మీ ఇంట్లో ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ తీస్తే ఎప్పుడైనా కట్లు కట్టించుకున్నావా?"

లోడింగు లెక్కలు చూసేది అంకమ్మరావు, ఏనాడూ బస్తా ఎత్తినవాడు కాదు. ఆఫీసులో ఉన్న రెండో తాళం తీసుకోగలిగింది అతను. సరుకు ఆగితే ఓడ తప్పేది, అక్కకి సమాధానం చెప్పాల్సింది అతను. నిన్న పొద్దున హయాత్ పోయాడో లేదో చూద్దామని వచ్చుంటాడు. ఈలోపు ఇమాం హుస్సేన్ తలుపు తీసేశాడు. నలుగురి కళ్ల ముందు ఊపిరాడుతున్న మనిషిని భుజానెత్తుకోక తప్పలేదు. అప్పటినుంచి మంచం పక్కనే కూర్చున్నది సేవకి కాదు, హయాత్ కళ్లు తెరిస్తే మొదట చూసేది తననే కావాలని.

"ఆసుపత్రి దగ్గర నీ కానిస్టేబుల్ ఉన్నాడుగా?" అని అడిగాను.

ముద్దాయి దొరికాడు కదా అని పొద్దున్నే వెనక్కి పిలిపించానన్నాడు. నాకు వచ్చిన కోపానికి ఆ బస్తా ఒకటి ఎత్తి అతని నెత్తిన వేద్దామనిపించింది. తిట్టడానికి కూడా టైము లేదు. బయటికి పరిగెత్తి, ఎండలోకి రాగానే ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఎవరో ఎత్తి, ఇంకెవరికో ఇచ్చి, చివరికి హయాత్ వార్డు చూసే శాంతి అనే నర్సు లైన్లోకి వచ్చింది. పేషెంటు దగ్గరికి ఎవరినీ వెళ్లనివ్వొద్దు, తలుపు దగ్గర నిలబడండి, నేను పోలీసుల పక్కనుంచి మాట్లాడుతున్నాను అని గబగబా చెప్పాను.

"ఆయన ఇక్కడ లేరు మేడం" అంది. "ఇప్పుడే అంబులెన్సులో తీసుకెళ్లారు. హైదరాబాదులో పెద్దాసుపత్రిలో చూపిస్తామని ఆ చేతులకి కట్లున్నాయన దగ్గరుండి ఎక్కించారు. యజమానురాలి తమ్ముడు కదా అని డాక్టరు గారు ఒప్పుకున్నారు."

"హయాత్‌కి తెలివొచ్చిందా?"

"వచ్చింది మేడం, పొద్దున." ఆ అమ్మాయి గొంతు తగ్గింది. ఏదో తప్పు జరిగిందని ఆమెకి అప్పుడే అర్థమవుతున్నట్టుంది. "మాట రావట్లేదు. స్ట్రెచరు మీదికి మారుస్తుంటే మంచం కమ్మీ పట్టుకుని వదల్లేదు. తల దెబ్బకి అలా చేస్తున్నాడు, భయపడకండి అని ఆ కట్లాయన చెప్తే... మేమే పేషెంటు వేళ్లు ఒక్కొక్కటీ విడదీశాం."